మెదడు చిత్రం అట్లాస్‌పై సరిగ్గా కూర్చోనప్పుడు లోపాన్ని పట్టుకునే పద్ధతి

ఒక వ్యక్తి మెదడుకు తీసిన టీ1 ఎమ్మారై చిత్రాన్ని ఎంఎన్‌ఐ152 వంటి ప్రామాణిక టెంప్లేట్ (చాలామంది మెదళ్ల సగటు చిత్రం) కొలతల్లోకి మార్చి, ఆ టెంప్లేట్‌పై గీసి ఉన్న అట్లాస్ భాగాలను (పేర్లు పెట్టిన మెదడు ప్రాంతాలను) ఆ వ్యక్తి మెదడుకు అన్వయించుకోవడాన్ని రిజిస్ట్రేషన్ అంటాం. ఎఫ్‌ఎస్‌ఎల్, యాంట్స్, ఎస్‌పీఎం వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనిని చాలావరకు తామే చేసిపెడతాయి కాబట్టి, ఫలితం తప్పుగా వచ్చినప్పుడు కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు వెంటనే అల్గారిథమ్ అమరికలను మార్చడం మొదలుపెడతారు. నా అభిప్రాయంలో అది చివరగా చేయవలసిన పని. తప్పు జరిగిన సందర్భాలను వెనక్కి వెళ్లి పరిశీలిస్తే, ఎక్కువసార్లు లోపం లోపలికి ఇచ్చిన చిత్రంలోనో, దాని హెడర్‌లోనో (కొలతలు, దిశలు రాసి ఉండే ఫైల్ భాగం), చిత్రం నుంచి పుర్రెను తొలగించిన తీరులోనో, లేదా రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక అట్లాస్ గుర్తులను (ఏ చోటు ఏ భాగానిదో చెప్పే సంఖ్యలను) బదిలీ చేసిన వరుసలోనో బయటపడుతుంది.

ఈ వ్యాసంలో ప్రధానంగా మానవ మెదడు టీ1 చిత్రాన్ని ఎంఎన్‌ఐ152కు కుదిర్చే సందర్భాన్నే తీసుకుంటున్నాను. ఎలుక మెదడును అలెన్ సంస్థ అట్లాస్‌కు కుదిర్చేవారికి కూడా తర్కం ఇదే. అయితే వారు అన్నిటికంటే ముందు కొలతల ప్రమాణాన్ని చూసుకోవాలి, ఎందుకంటే ఆ అట్లాస్ 10, 25 మైక్రాన్ల వంటి వాక్సెల్ (చిత్రంలోని అతి చిన్న ఘనం) పరిమాణాల్లో దొరుకుతుంది, మైక్రాన్ల సంఖ్యను మిల్లీమీటర్లుగా హెడర్‌లో రాసిన చిత్రం వెయ్యి రెట్లు పెద్ద మెదడుగా కనబడుతుంది.

ముందుగా తప్పు ఏ రకానిదో తేల్చుకోవాలి

రిజిస్టర్ అయిన చిత్రాన్ని, టెంప్లేట్‌ను ఎఫ్‌ఎస్‌ఎల్‌ఐస్, ఐటీకే-స్నాప్ వంటి చిత్రాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి తెరిచి, పై చిత్రం పారదర్శకతను మార్చుతూ మూడు దిశల్లోనూ చూడాలి. మెదడు అంచు కుదిరిందా లేదా అన్నది మాత్రమే చూసి వదిలేయకూడదు. వెంట్రికిల్స్ (మెదడు లోపలి ద్రవపు గదులు) గోడలు, కార్పస్ కల్లోజమ్ పై అంచు, యాంటీరియర్ కమిషర్ (రెండు అర్ధభాగాలను కలిపే చిన్న నరాల కట్ట), మెదడు కాండం ముందు గీత, చిన్నమెదడుకూ ఆక్సిపిటల్ భాగానికీ మధ్య ఉన్న సరిహద్దు, రెండు వైపులా సెంట్రల్ సల్కస్ ఎంతవరకు కలిశాయో ఒక్కొక్కటిగా పరీక్షించాలి. టెంప్లేట్ అంచులను ఎర్రగీతలుగా వ్యక్తి చిత్రంపై పరిచి చూపే ఎఫ్‌ఎస్‌ఎల్ స్లైసెస్‌డిర్ సాధనం పదుల సంఖ్యలో చిత్రాలున్నప్పుడు సమయాన్ని బాగా ఆదా చేస్తుంది.

అలా చూసినప్పుడు కనబడే తప్పులు నాలుగు తీరుల్లో ఉంటాయి. మొత్తం మెదడే పక్కకు జరిగి, తిరిగి, లేదా తలకిందులుగా ఉంటే హెడర్‌నూ ప్రారంభ స్థానాన్నీ అనుమానించాలి. మెదడు సాగదీసినట్టుగానో నలిగినట్టుగానో కనబడితే పుర్రె తొలగింపునూ మెడ భాగాన్నీ చూడాలి. బయటి అంచు చక్కగా కుదిరి లోపలి నిర్మాణాలు తప్పితే నాన్‌లీనియర్ దశను (ఒక్కో చోటును వేర్వేరుగా వంచే దశను) పరిశీలించాలి. చిత్రం టెంప్లేట్‌పై నిక్కచ్చిగా కూర్చున్నా అట్లాస్ గుర్తులు మాత్రం పక్కకు పడుతుంటే, రిజిస్ట్రేషన్‌ను ముట్టుకోకుండా బదిలీ దశను తనిఖీ చేయాలి. ఈ విభజన చేసుకోకుండా ముందుకు వెళ్తే, సరిగ్గా ఉన్న దశను చెడగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఇంకొక సంగతి. పూర్తి ఫలితాన్ని మాత్రమే కాక, ప్రతి దశ ఫలితాన్నీ విడిగా చూడాలి. నాన్‌లీనియర్ దశ తరువాత కనబడే తప్పు చాలాసార్లు దానికి ముందున్న అఫైన్ దశలోనే (మొత్తం మెదడును ఒకేలా జరిపి, తిప్పి, సాగదీసే దశ) పుట్టి ఉంటుంది. అఫైన్ ఫలితాన్ని విడిగా తీసి చూస్తే ఆ విషయం క్షణాల్లో తేలిపోతుంది.

హెడర్, దిశలు

నిఫ్టీ అన్నది మెదడు చిత్రాలను భద్రపరిచే ఫైల్ రూపం. దాని హెడర్‌లో ప్రతి వాక్సెల్ వాస్తవ స్థలంలో ఎక్కడ ఉందో చెప్పే రెండు వర్ణనలు ఉంటాయి. వాటిని క్యూఫామ్, ఎస్‌ఫామ్ అంటారు. ఒక్కోదానికి ఒక కోడ్ ఉంటుంది. 0 అంటే స్థానం తెలియదని, 1 అంటే స్కానర్ కొలతలని, 4 అంటే ఎంఎన్‌ఐ స్థలమని అర్థం. ఎఫ్‌ఎస్‌ఎల్‌హెచ్‌డి ఆదేశంతో ఈ వివరాలు చదివినప్పుడు రెండు కోడ్‌లూ 0గా ఉంటే, లేదా రెండు వర్ణనలూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటే, లోపం దాదాపుగా దొరికినట్టే. ఒక సాఫ్ట్‌వేర్ ఎస్‌ఫామ్‌ను నమ్మి, మరొకటి క్యూఫామ్‌ను నమ్మినప్పుడు, ఒకే ఫైల్ ఒకచోట నిటారుగానూ మరొకచోట ఒరిగిపోయినట్టుగానూ కనబడుతుంది. పాత అనలైజ్ 7.5 రూపంలో ఒకసారి భద్రపరచి తిరిగి నిఫ్టీలోకి తెచ్చిన ఫైళ్లలో దిశల సమాచారం నమ్మదగినది కాదు. అలాంటి ఫైల్ చేతికి వస్తే సరిదిద్దే ప్రయత్నం మానుకుని, స్కానర్ ఇచ్చిన అసలు డైకామ్ ఫైళ్లను సంపాదించి డీసీఎం2నిక్స్‌తో మళ్లీ మార్చుకోవడమే మేలు.

చిత్రం 90 డిగ్రీల మేరకు తిరిగి ఉన్నట్టు కనబడితే ఎఫ్‌ఎస్‌ఎల్‌రీఓరియంట్2ఎస్‌టీడీ అనే ఆదేశం ఉపయోగపడుతుంది. అది వాక్సెళ్ల వరుసను టెంప్లేట్ దిశకు మార్చుతుందే తప్ప రిజిస్ట్రేషన్ చేయదు. పైగా అది హెడర్‌లోని సమాచారం నిజమేనని నమ్మి పనిచేస్తుంది. హెడర్ అబద్ధం చెబుతుంటే ఆ ఆదేశమూ అబద్ధాన్నే అనుసరిస్తుంది. చూపించే కిటికీలో ఎడమ, కుడి, ముందు, వెనుక, పైన, కింద అని రాసి ఉన్న అక్షరాలు నిజమైన శరీర నిర్మాణంతో సరిపోతున్నాయో లేదో ముందు కంటితో నిర్ధారించుకున్న తరువాతే దాన్ని వాడాలి.

ముందు-వెనుక, పైన-కింద తప్పులు చూడగానే తెలిసిపోతాయి. ఎడమ-కుడి తారుమారు తెలియదు. మెదడు రెండు అర్ధభాగాలూ దాదాపు ఒకే ఆకారంలో ఉండడం వల్ల, అద్దంలో ప్రతిబింబంలా తిరగబడిన చిత్రం కూడా టెంప్లేట్‌పై ఎంతో చక్కగా కుదురుతుంది, ఏ కొలమానమూ ఫిర్యాదు చేయదు, చివరికి ఎడమ హిప్పోక్యాంపస్ అని రాసిన సంఖ్య కుడివైపుది అవుతుంది. అందుకే జాగ్రత్తగల కేంద్రాల్లో స్కాన్ చేసేటప్పుడు తలకు కుడివైపున విటమిన్-ఇ గుళికను అతికిస్తారు. అది టీ1 చిత్రంలో తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. అటువంటి గుర్తు లేనప్పుడు డైకామ్ నుంచి మార్పిడి జరిగిన ప్రతి మెట్టునూ సరిచూసుకోవడం తప్ప దగ్గరి దారి లేదు. సాధారణంగా కుడి ఫ్రాంటల్ భాగం కొంచెం ముందుకూ, ఎడమ ఆక్సిపిటల్ భాగం కొంచెం వెనుకకూ పొడుచుకుని ఉంటాయన్న మాట జనాభా సగటుకు వర్తించేదే కాబట్టి, ఒక వ్యక్తి విషయంలో దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

అక్షాల సంప్రదాయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నిఫ్టీలో మొదటి అక్షం కుడివైపుకూ, రెండవది ముందుకూ పెరుగుతాయి. డైకామ్‌లోనూ, యాంట్స్‌కు ఆధారమైన ఐటీకే లైబ్రరీలోనూ అవి ఎడమవైపుకూ వెనుకకూ పెరుగుతాయి. చిత్రాల విషయంలో సాఫ్ట్‌వేర్ ఈ తేడాను తానే సర్దుకుంటుంది. బిందువుల జాబితాను యాంట్స్‌తో మార్చేటప్పుడు మాత్రం మొదటి రెండు నిరూపకాల గుర్తులను మనమే తిప్పి ఇవ్వాలి. అంతేకాక, చిత్రాన్ని మార్చే దిశకు వ్యతిరేక దిశలోని పరివర్తన బిందువులకు వర్తిస్తుంది. ఎలక్ట్రోడ్ స్థానాలు మెదడు బయట తేలుతున్నాయని వచ్చే ప్రశ్నల్లో ఈ రెండింటిలో ఒకటి కారణంగా ఉండడం సర్వసాధారణం.

మెడ, పుర్రె

టీ1 చిత్రం తరచుగా గడ్డం, మెడ వరకు విస్తరించి ఉంటుంది. వెలుగు తీవ్రతల కేంద్రాన్ని ఆధారంగా చేసుకుని పని మొదలుపెట్టే ఏ సాధనానికైనా ఈ మెడ పెద్ద అడ్డంకి, ఎందుకంటే ఆ కేంద్రం మెదడు మధ్యలో కాకుండా నోటి దగ్గరకు దిగిపోతుంది. ఎఫ్‌ఎస్‌ఎల్‌లోని బెట్ పుర్రెను తొలగించకుండా మెడ కండరాలను పట్టుకుని కూర్చోవడానికీ, యాంట్స్ ప్రారంభ స్థానం కిందికి జారడానికీ కారణం ఇదే. రోబస్ట్‌ఎఫ్‌ఓవీ ఆదేశం తల పైనుంచి సుమారు 170 మిల్లీమీటర్ల మేర ఉంచి మిగతా భాగాన్ని కత్తిరిస్తుంది. చాలా సందర్భాల్లో ఈ ఒక్క పనితోనే సమస్య తీరిపోతుంది.

ఆపైన బెట్ ఫలితాన్ని చూడాలి. దానిలోని భిన్న ప్రమాణం మామూలుగా 0.5గా ఉంటుంది. తగ్గించిన కొద్దీ మెదడు ముసుగు (మెదడుగా గుర్తించిన ప్రాంతం) పెద్దదవుతుంది, పెంచిన కొద్దీ చిన్నదవుతుంది. ఫ్రాంటల్ లేదా టెంపోరల్ భాగాల కొనలు తెగిపోతుంటే తగ్గించి చూడాలి. కళ్లు, మెదడు పొరలు మిగిలిపోతుంటే కొంచెం పెంచాలి. కేంద్రాన్ని మళ్లీమళ్లీ సవరించుకునే ఎంపికను కూడా వాడవచ్చు. అయితే ఇప్పుడు బెట్ అమరికలతో గంటలు గడపడం అనవసరమని నేను అనుకుంటాను. ఫ్రీసర్ఫర్‌తో వచ్చే సింత్‌స్ట్రిప్ వంటి డీప్ లెర్నింగ్ సాధనాలు రకరకాల చిత్రాలపై, అమరికలు మార్చనవసరం లేకుండానే, నిలకడగా పనిచేస్తాయి.

పుర్రె తొలగించిన చిత్రాన్ని పుర్రె తొలగించిన టెంప్లేట్‌తోనూ, పూర్తి తల చిత్రాన్ని పూర్తి తల టెంప్లేట్‌తోనూ జతచేయాలి. మెదడు మాత్రమే ఉన్న చిత్రాన్ని పుర్రెతో ఉన్న టెంప్లేట్‌కు ఇస్తే, అఫైన్ దశ ఆ మెదడును పుర్రె బయటి అంచు వరకు ఉబ్బించే ప్రయత్నం చేస్తుంది. ఉబ్బిన మెదడు కనబడితే మొదట చూడవలసింది ఈ జతనే. ఎఫ్‌ఎస్‌ఎల్ వాడేవారు ఇక్కడ ఒక మెలికను గుర్తుంచుకోవాలి. లీనియర్ (అఫైన్) దశ అయిన ఫ్లర్ట్‌కు పుర్రె తొలగించిన చిత్రాలను ఇస్తారు. నాన్‌లీనియర్ దశ అయిన ఎఫ్‌నర్ట్‌కు మాత్రం, దానితో వచ్చే టీ1 నమూనా అమరికను వాడుతున్నప్పుడు, పుర్రెతో ఉన్న అసలు చిత్రాన్నే ఇవ్వాలి. ఆ అమరిక పూర్తి తల టెంప్లేట్‌నూ, కొంచెం వెడల్పు చేసిన మెదడు ముసుగునూ దృష్టిలో పెట్టుకుని తయారైంది. రెండు దశలకూ ఒకే ఫైల్‌ను ఇవ్వడం తరచుగా కనబడే పొరపాటు.

అఫైన్ దశ తప్పినప్పుడు

హెడర్, మెడ, పుర్రె అన్నీ సరిగా ఉన్నా అఫైన్ తప్పిందంటే, వెతుకులాట తప్పు స్థానంలో మొదలై దగ్గరలోని ఒక తప్పు పరిష్కారంలో చిక్కుకుందని అర్థం. కొండల మధ్య పొగమంచులో పల్లం వెతికేవాడు మొదట కనబడిన గుంటలోనే ఆగిపోయినట్టుగా ఉంటుంది ఈ స్థితి. ఫ్లర్ట్ మామూలుగా ప్రతి అక్షం చుట్టూ మైనస్ 90 నుంచి 90 డిగ్రీల వరకు వెతుకుతుంది. తల అంతకంటే ఎక్కువ తిరిగి ఉన్నప్పుడు ఆ పరిధిని మైనస్ 180 నుంచి 180 వరకు పెంచాలి. అయితే పరిధి పెంచితే అన్నివేళలా మేలు జరగదు. చిత్రం ఇప్పటికే సుమారుగా సరైన దిశలో ఉన్నప్పుడు వెతుకులాటను తగ్గించడం, లేదా హెడర్‌లోని స్థానం నుంచే మొదలుపెట్టమని చెప్పడం మంచి ఫలితాన్నిస్తుంది. యాంట్స్‌లో తీవ్రతల కేంద్రాలను కలిపే ప్రారంభ పరివర్తనను ఇవ్వడం మొదటి అడుగు. అది చాలకపోతే రకరకాల కోణాలను ప్రయత్నించి చూసే యాంట్స్‌ఏఐ సాధనం ఉంది. ఎస్‌పీఎం వాడేవారు చిత్రం మూలబిందువును చేత్తో యాంటీరియర్ కమిషర్ దగ్గర పెట్టి, తల వంపును స్థూలంగా సరిచేసి మళ్లీ నడపాలి. ఎస్‌పీఎం ప్రారంభ అంచనాకు దగ్గరలోనే వెతుకుతుంది కాబట్టి, మూలబిందువు కొన్ని సెంటీమీటర్లు దూరంలో ఉంటే పూర్తిగా దారి తప్పుతుంది.

పోలిక కొలమానాన్ని కూడా గమనించాలి. టీ1ను టీ1 టెంప్లేట్‌కు కుదిర్చేటప్పుడు సహసంబంధంపై ఆధారపడే కొలమానాలు చక్కగా సరిపోతాయి. టీ2 లేదా ఎఫ్‌ఎమ్మారై (మెదడు పనితీరును చూపే స్కాన్) చిత్రాన్ని టీ1కు కుదిర్చేటప్పుడు వెలుగు-నీడల క్రమం తిరగబడుతుంది కాబట్టి మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ లేదా కోరిలేషన్ రేషియో వాడాలి. మెదడులో కొంతభాగం మాత్రమే స్కాన్ చేసిన చిత్రాన్ని నేరుగా టెంప్లేట్‌కు కుదిర్చే ప్రయత్నం చేయకుండా, అదే వ్యక్తి పూర్తి మెదడు చిత్రానికి 6 స్వేచ్ఛా పరామితులతో (జరపడం, తిప్పడం మాత్రమే) కుదిర్చి, అక్కడి నుంచి టెంప్లేట్‌కు వెళ్లాలి. సాగదీతను కూడా అనుమతించే 12 పరామితులు ఇస్తే కొద్దిపాటి పలకలున్న చిత్రం నిలువునా సాగిపోవడం ఖాయం.

అంచు కుదిరి లోపల తప్పినప్పుడు

నాన్‌లీనియర్ దశలో మొదటి అనుమానం వెలుగు అసమానతపై పెట్టాలి. స్కానర్ కాయిల్‌కు (సంకేతాన్ని అందుకునే భాగానికి) దగ్గరగా ఉన్న భాగం తెల్లగానూ, దూరంగా ఉన్న భాగం మసకగానూ వచ్చిన చిత్రంలో ఒకే కణజాలం రెండు రకాలుగా కనబడి పోలికను తప్పుదారి పట్టిస్తుంది. ఈ అసమానతను సరిచేసే ఎన్4 సవరణను ముందే చేయాలి.

రెండవ అనుమానం మెదడు ఆకారంపై. ఎంఎన్‌ఐ152 యువకుల మెదళ్ల సగటు. బాగా పెరిగిన వెంట్రికిల్స్ ఉన్న వృద్ధుల మెదడును దానిలోకి తేవాలంటే చాలా పెద్ద వికృతి అవసరం, మామూలు అమరికలు అంత దూరం వెళ్లకుండానే ఆగిపోతాయి. అలాంటప్పుడు స్థూల స్థాయిలో పునరావృతాల సంఖ్యను పెంచి చూడవచ్చు. యాంట్స్‌లో మనం వాడుతున్నది త్వరిత రూపం అయితే పూర్తి రూపానికి మారవచ్చు. ఒకే అధ్యయనంలో అటువంటివారు చాలామంది ఉంటే, వారి చిత్రాలతోనే ఒక మధ్యంతర టెంప్లేట్ తయారుచేసుకుని, దాన్ని ఒకేసారి జాగ్రత్తగా ఎంఎన్‌ఐకి కుదర్చడం అన్నిటికంటే నమ్మకమైన దారి.

భారతీయుల మెదళ్లకు ఎంఎన్‌ఐ టెంప్లేట్ పెద్దదవడం వల్లే తప్పు వస్తోందా అన్న ప్రశ్న మనవారి నుంచి తరచుగా వస్తుంది. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, 100 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల చిత్రాలతో ఐబీఏ100 అనే భారతీయ మెదడు అట్లాస్‌ను తయారుచేసి 2019లో ప్రచురించింది. ఎంఎన్‌ఐ టెంప్లేట్‌తో పోలిస్తే ఆ సగటు మెదడు పరిమాణంలో చిన్నది. అయినా పొడవు, వెడల్పు, ఎత్తుల తేడాను 12 పరామితుల అఫైన్ దశ సులువుగా సర్దుకుంటుంది కాబట్టి, కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే తప్పుకు జనాభా తేడాను కారణంగా చూపడం సరికాదు. భాగాల ఘనపరిమాణాలను కొలిచి ఇద్దరు వ్యక్తులను పోల్చేటప్పుడు, ఎంత వికృతి అవసరమైందన్నదే ప్రశ్న అయినప్పుడు, సొంత జనాభా టెంప్లేట్‌కు నిజమైన విలువ ఉంటుంది.

మూడవది గాయం. పక్షవాతం, కణితి, శస్త్రచికిత్స జరిగిన మెదడులో టెంప్లేట్‌కు సాటివచ్చే కణజాలమే ఆ చోట ఉండదు. అల్గారిథమ్ ఆ ఖాళీని పూడ్చడానికి చుట్టుపక్కల ఆరోగ్యకరమైన భాగాన్ని లోపలికి లాగుతుంది. ఫలితం పైకి అందంగా ఉంటుంది, గాయం కుంచించుకుపోయి ఉంటుంది. గాయం చుట్టూ ముసుగు గీసి, ఆ ప్రాంతాన్ని పోలిక లెక్క నుంచి మినహాయించాలి. సాధనాల్లో ముసుగు అంటే సాధారణంగా లెక్కలోకి తీసుకునే ప్రాంతమని అర్థం కాబట్టి, గాయం దగ్గర 0, మిగతాచోట 1 ఉండాలి. దీన్ని తిరగేసి ఇచ్చి, గాయంపై మాత్రమే రిజిస్ట్రేషన్ జరిపినవారు కొత్తవారిలోనే కాదు, అనుభవం ఉన్నవారిలోనూ ఉన్నారు.

నాన్‌లీనియర్ ఫలితం బాగా కుదిరినట్టు కనబడినప్పుడు కూడా వికృతి క్షేత్రం (ప్రతి బిందువు ఎటు, ఎంత కదిలిందో చెప్పే పటం) జాకోబియన్ నిర్ణాయకాన్ని చూడాలి. 1 అంటే పరిమాణం మారలేదని, 1 కంటే ఎక్కువ లేదా తక్కువ అంటే ఆ చోట వ్యాకోచమో సంకోచమో జరిగిందని అర్థం. 0 లేదా రుణ విలువలు ఉన్నచోట స్థలం తనపై తానే మడతపడింది, అలాంటి పరివర్తనను వాడకూడదు. మడత లేకపోయినా, పక్కపక్కనే అతి పెద్ద, అతి చిన్న విలువలు గుంపుగా ఉంటే, నునుపు ప్రమాణాన్ని పెంచి మళ్లీ నడపాలి.

ఎఫ్‌ఎమ్మారై చిత్రాల్లో ముక్కు వెనుక గాలి గదుల పైన, చెవుల పైన వచ్చే వక్రత వేరే సమస్య. అది అయస్కాంత క్షేత్రపు తేడాల వల్ల పుట్టింది. టాపప్ వంటి సాధనంతో, వ్యతిరేక ఎన్‌కోడింగ్ దిశల్లో తీసిన చిత్రాలను ఉపయోగించి సరిచేయాలి. అక్కడ సంకేతమే మాయమై ఉంటే, ఏ రిజిస్ట్రేషన్ కూడా దాన్ని తిరిగి తీసుకురాలేదు.

చిత్రం కుదిరి గుర్తులు తప్పినప్పుడు

ఎంఎన్‌ఐ152 అన్న పేరుతో ఒకే టెంప్లేట్ లేదు. ఎఫ్‌ఎస్‌ఎల్‌తో వచ్చేది ఆరవ తరం నాన్‌లీనియర్ రూపం. దాని 1 మిల్లీమీటర్ గ్రిడ్ 182, 218, 182 వాక్సెళ్లది. ఎఫ్‌ఎమ్మారై చిత్రాలను విశ్లేషణకు సిద్ధం చేసే ఎఫ్‌ఎమ్మారైప్రెప్ మామూలుగా వాడేది 2009లో వచ్చిన సి అసౌష్ఠవ రూపం. దాని గ్రిడ్ 193, 229, 193. హార్వర్డ్-ఆక్స్‌ఫర్డ్ అట్లాస్ మొదటిదానిపై గీసినది. రెండవదానికి కుదిర్చిన చిత్రంపై దాన్ని పరిచి గ్రిడ్ మాత్రమే సరిచేస్తే, ఫైళ్లు నోరుమూసుకుని ఒప్పుకుంటాయి, గుర్తులు మాత్రం కొన్నిచోట్ల అసలు నిర్మాణానికి పక్కగా పడతాయి. గ్రిడ్ సమానమైనంత మాత్రాన స్థలం ఒకటి కాదు. అట్లాస్ ఏ టెంప్లేట్‌దో దానికే రిజిస్టర్ చేయాలి, లేదా రెండు టెంప్లేట్ల మధ్య సిద్ధంగా ఉన్న పరివర్తనను టెంప్లేట్‌ఫ్లో అనే టెంప్లేట్ల భాండాగారం నుంచి తీసుకోవాలి. 1988 నాటి తలైరాక్ అట్లాస్ నిరూపకాలను ఎంఎన్‌ఐ నిరూపకాలుగా వాడడం ఇదే తప్పుకు పాత రూపం. ఆ అట్లాస్ ఒకే ఒక్క స్త్రీ మెదడుపై ఆధారపడినది.

పరివర్తనల వరుస మరొక ఉచ్చు. యాంట్స్ ఆదేశంలో చివర రాసిన పరివర్తన మొదట వర్తిస్తుంది కాబట్టి, వ్యక్తి చిత్రాన్ని టెంప్లేట్‌లోకి తెచ్చేటప్పుడు ముందు వికృతి క్షేత్రాన్నీ, తరువాత అఫైన్‌నూ రాయాలి. అట్లాస్‌ను వ్యక్తి స్థలంలోకి తేవాలంటే అఫైన్‌ను విలోమం చేయమని చెప్పి ముందు రాసి, విలోమ వికృతి క్షేత్రాన్ని తరువాత ఇవ్వాలి. ఫ్లర్ట్ ఇచ్చిన మాత్రికను యాంట్స్‌కు నేరుగా ఇవ్వకూడదు. రెండింటి నిరూపక వ్యవస్థలు వేరు. సీ3డీ అఫైన్ సాధనంతో మార్చుకోవాలి.

గుర్తుల ఫైల్‌ను ఎప్పుడూ సమీప వాక్సెల్ పద్ధతిలోనో, గుర్తులకే ఉద్దేశించిన ఇంటర్‌పొలేషన్‌తోనో మార్చాలి. సాధారణ లీనియర్ పద్ధతిలో మార్చితే 10, 20 అన్న రెండు గుర్తుల సరిహద్దులో 15 అనే, ఎక్కడో ఉన్న మరో భాగపు సంఖ్య పుట్టుకొస్తుంది. అట్లాస్ భాగాల అంచుల వెంట సన్నని విచిత్రమైన రంగుల గీతలు కనబడితే కారణం ఇదే.

చిత్రాలు వందల్లో ఉన్నప్పుడు టెంప్లేట్‌తో సహసంబంధాన్నీ, మెదడు ముసుగుల డైస్ విలువనూ (రెండు ముసుగులు ఎంతమేర కలిశాయో చెప్పే సంఖ్య) లెక్కించి, తక్కువ విలువలున్నవాటిని ముందుగా కంటితో చూడడం మంచి పద్ధతి. ముసుగుల డైస్ బయటి అంచు గురించి మాత్రమే చెబుతుంది కాబట్టి, ఎక్కువ విలువ వచ్చిన చిత్రాల్లోనూ కొన్నింటిని తెరిచి చూడాలి. ఏ చిత్రాన్ని మినహాయించాలన్న నియమాన్ని అధ్యయన ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకోవాలి. తల కదలిక వల్ల చెడిపోయిన చిత్రాన్ని అమరికలతో బతికించే ప్రయత్నం చేయకుండా ఆ నియమం ప్రకారమే పక్కన పెట్టాలి. నిలిపిన ప్రతి చిత్రానికీ అసలు ఫైల్‌ను, పరివర్తనలను, వాడిన టెంప్లేట్ పూర్తి పేరును, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను ఒకే ఫోల్డర్‌లో భద్రపరచాలి.